ఒకటే తాటిపత్రి

కాళ్ళ వైపు ఒక్క కానుగ చెట్టు,
తలల వైపు రెండు తుమ్మలు.
హిమాయత్ సాగర్ వెనకాల,
శంషాబాద్‌కి దిగే విమానాలు
పొట్ట కింది చక్రాలు విప్పుకునే చోట
రెండు గుడ్డ ఊయలలు కట్టాం.
పైనుంచి ఎవరైనా చూస్తే
సగం తెరిచిన కత్తెరలా ఉంటాం.

రెండూ ఒకేరోజు, ఒకే దుకాణంలో కొన్నవి.
ఒకటి మా అన్నది, ఒకటి సుభాషిణిది.
విడాకుల పంపకాల్లో
ఫ్రిజ్ ఇటు, స్కూటర్ అటు,
ఇడ్లీ పాత్ర ఎవరికీ అక్కర్లేకపోయింది.
ఊయలలు చెరొకటి.
మీద కప్పే తాటిపత్రి మాత్రం
రెంటికీ కలిపి ఒక్కటే కుట్టించారు గనక
ఏ జాబితాలోకీ ఎక్కలేదు.
ఏడాదిన్నరగా నా మంచం కింద పడుకుంది.

అన్న ఊయల అడక్కుండా తెచ్చాను.
అడిగితే ఇస్తాడు.
ఎవరితో పోతున్నావని కూడా అడుగుతాడు.

ఇప్పుడామెను ఏమని పిలవాలో
బస్సు దిగేదాకా ఆలోచించాను.
తీరా సంచి దించగానే
పదకొండేళ్ళ అలవాటు
"వదినా" అని నోరు జారింది.
ఆమె ముడి మీంచి తల ఎత్తకుండానే
"ఆఁ" అంది.

"ముందుగాల నడిమిట్ల తాడు గుంజు పిల్లా,
మన ఇద్దరి నడుమ జాగ మీదికెల్లి.
గుడ్డ దాని మీదికెల్లి రెండు దిక్కులా జారాలె,
గూనపెంకల ఇంటి లెక్క.
సాపుగ కడితే కడుపుల నీళ్ళు నిలుస్తయ్."
నేను సాపుగానే కట్టాను.
మా ఇంట్లో ముందు చేస్తాం, తరవాత వింటాం.
ఆమెకది తెలియంది కాదు.

పదకొండు దాటాక గాలి
చెరువు మీంచి పచ్చి చేపల వాసన మోసుకొచ్చింది.
ఎక్కడో ఫంక్షన్ హాల్లో బ్యాండు సగంలో ఆగింది.
తర్వాత చినుకులు,
తాటిపత్రి మీద ఎవరో శనగలు కుమ్మరించినట్టు.
చూస్తుండగానే మా ఇద్దరి మధ్యకి
నీళ్ళ కడుపు ఒకటి దిగింది,
చూడి బర్రెకున్నంత.
వదిన గొడుగు మొనతో కింది నుంచి ఒక్క పొడుపు.
బిందెడు నీళ్ళు నా చెప్పుల్లోకి.
నవ్వు ఆపుకోలేక,
టార్చి పళ్ళ మధ్య పట్టుకుని
ముడులన్నీ విప్పి మళ్ళీ కట్టాం,
ఈసారి ఆమె చెప్పినట్టు.

"అయిపోలే" అంది.
"వాన మీదికెల్లే వస్తదనుకుంటవ్.
మనల్ని మోసే తాడు పట్టుకుని కూడ వస్తది,
సప్పుడు చెయ్యకుంట."
పాత చున్నీ అంచు చింపి
నాలుగు తాళ్ళకూ నాలుగు పేలికలు కట్టింది.
నేను వేలు పెట్టి చూశాను.
నీరు తాడు వెంట పాక్కుంటూ వచ్చి
పేలిక దగ్గర ఆగి,
కాసేపు ఆలోచించుకుని
నేలకి దిగిపోయింది.
ముడికి ఇవతల తాడు పొడి.

"నీకెట్ల తెలుసు వదినా?"
విమానం ఒకటి పూర్తిగా దిగిపోయేదాకా ఆగి
"మీ అన్ననే చూపిచ్చిండు" అంది.

ఉస్మాన్‌గంజ్ ఖాజామియా
రెండు ముక్కలు కలిపి వేసిన కుట్టు
సరిగ్గా మా నడిమికి వచ్చింది.
రాత్రంతా కారుతూనే ఉంది, బొట్టు తర్వాత బొట్టు,
ఆమె మీదా పడదు, నా మీదా పడదు.
ఫ్లాస్కు మూతలో చాయ్ అందించాను.
చెయ్యి ఆ జాగ దాటేలోపు
రెండు బొట్లు పడ్డాయి అందులో.
చూసింది. తాగింది.

తెల్లారి, తడి తాటిపత్రి ఎవరింటికన్నది
మొదటిసారి మాట్లాడుకోవాల్సి వచ్చింది.
మడిచి పెడితే బూజు పడుతుందని,
సరూర్‌నగర్‌లో తన మిద్దె మీద ఆరేస్తానంది.
ఆరినాక ఇస్తానంది.

నాలుగు రోజులు ముసురు.
ఐదో రోజు ఫోన్ చేశాను, ఆరిందా అని.
"యాడ ఆరుతది, ఇంక పచ్చిగనే ఉంది."
నా కిటికీ అవతల ఎండ
కళ్ళు తెరవనివ్వడం లేదు.
"తొందరేం లేదు వదినా" అన్నాను.